అత్తగారి పేరు

ఉడికిన క్యారెట్లూ మాంసం పులుసూ కలిపి మెత్తగా రుబ్బి, పలచటి పాత బట్టలో వడకట్టి, వేడి సరిపోయిందో లేదో మణికట్టు మీద చుక్క వేసుకుని చూసుకుంది బూరుల్. గొట్టంలో చిన్న పలుకు అడ్డుపడితే మళ్లీ నర్సు కోసం ఊరంతా తిరగాలి. ఇంటినిండా చుట్టాలు దిగబోతున్న రోజైనా సరే, పెరట్లో గొర్రెను కోసి పెద్ద డేగిసాలో పెట్టినా సరే, ఈ గిన్నె ముందు, మిగతావన్నీ తర్వాత. అత్తగారి ముక్కులోంచి కడుపులోకి దిగిన గొట్టానికి సిరంజి తగిలించి, పులుసు కొద్దికొద్దిగా దించుతూ అలవాటు ప్రకారం మాటలు మొదలుపెట్టింది.

"ఇవాళ నీ పిల్లలందరూ వస్తున్నారు. నీ గురించి పంచాయితీ. నీకేం, హాయిగా పడుకున్నావు. నా నడుం విరుగుతోంది."

వసంతంలో మంచు కరిగే రోజుల్లో, మాంసం ముక్క గొంతుకు అడ్డుపడి అత్తగారి ఊపిరి ఆగిపోయింది. ఆస్పత్రిలో గుండెను మళ్లీ కొట్టించారు గానీ మనిషిని వెనక్కి తేలేకపోయారు. కళ్లు తెరుస్తుంది, మూస్తుంది. దగ్గుతుంది, ఆవులిస్తుంది. పిలిస్తే పలకదు. ఇక మేం చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇల్లంటే ఏ ఇల్లని ఎవరూ అడగలేదు. తల్లీతండ్రీ చిన్నకొడుకు దగ్గరే ఉంటారు, అది నరీన్ ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. చిన్నకొడుకు దగ్గర అంటే చిన్నకోడలి చేతుల్లో అని మాత్రం ఎవరూ పైకి అనరు.

చిన్నకొడుకు తాలాయ్ కనుమదారిలో రోడ్డు పనులు చూస్తాడు. వారానికోసారి వస్తాడు. గుమ్మంలో నిలబడి, "ఆపా, నేను తాలాయ్‌ని" అని తల్లిని పిలిచి, కళ్లు తుడుచుకుని, ఆ కంపు తట్టుకోలేక బయటికి పోయి సిగరెట్ ముట్టిస్తాడు. చూసినవాళ్లంతా, అబ్బ, తల్లంటే ఎంత ప్రాణం అంటారు. ఆ కంపును రోజూ కడిగే మనిషికి ఏం ప్రాణమో ఎవరూ అడగరు. బూరుల్ బడిలో జాగ్రఫీ చెప్పేది. ఎన్ని నెలలని సెలవిస్తారు? మొన్న హెడ్‌మాస్టర్ ఫోన్ చేసి, మీ అత్తగారి సంగతి సుమారుగా ఎప్పటికి తేలుతుందంటావమ్మా, నీ చోట్లో ఇంకో మనిషిని వేసుకోవాలి అన్నాడు. ఇంటి మీద రేకులు ఎప్పటికి పడతాయని మేస్త్రీని అడిగినట్టు అడిగాడు. బూరుల్ నోరు తెరిచేలోపే, ఆ తేలే రోజు తొందరగా వస్తే బాగుండునని మనసులో అనిపించింది. అనిపించగానే చెంపలు కాలిపోయాయి.

మొదట్లో అత్తగారితో ఆమె మర్యాదగానే మాట్లాడేది. ఇప్పుడు మిమ్మల్ని పక్కకు తిప్పుతాను ఆపా, కాస్త చల్లగా ఉంటుంది ఆపా అనేది. జవాబు రాని మర్యాద ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏ రోజున 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఆమెకే తెలియదు. నువ్వు వచ్చాక దాని వెనకే మిగతావన్నీ తోసుకుని వచ్చేశాయి. పెళ్లయిన కొత్తలో టీ పలచగా కాచిందని, ఇది టీయా, గుర్రాలు తాగే ఏటినీళ్లా అని చుట్టాల ముందు పారబోయించిన సంగతి. రెండోసారీ ఆడపిల్లే పుట్టిందని ఆస్పత్రికి చూడటానికి రాకపోవడం. మొదటి జీతం చేతిలో పెడితే మడిచి కొడుకు జేబులో పెట్టడం. ఇరవై ఏళ్ల కడుపులోది అంతా, ఒళ్లు తుడుస్తూ, గోళ్లు తీస్తూ, కక్కేసింది బూరుల్. అదొక సుఖంగా ఉండేది. కాదనకూడదు, సుఖంగానే ఉండేది.

ఒకరోజు పొద్దున మాత్రం నోరు మరీ జారింది. పక్క మార్చి, ఉతికిన దుప్పటి పరిచి, నడుం ఎత్తే లోపల అంతా మళ్లీ పాడైపోయింది. ఆ తడి దుప్పటి చేతుల్లో పట్టుకుని, "చావు. చావొచ్చు కదా నువ్వు. నన్ను బతకనీ" అంది బూరుల్. గట్టిగా కూడా అనలేదు. మామూలుగా, ఉప్పు అందించు అన్నట్టుగా అంది. ఆ తర్వాత మారుమాట లేకుండా దుప్పటి మార్చింది.

ఇంత మాట అనగలిగిన నోరు ఒక్క మాట మాత్రం ఎన్నడూ అనలేదు. అది అత్తగారి పేరు. అత్తవారి వైపు పెద్దల పేరు కోడలు నోటితో పలకకూడదు. ఆ పేరున్న వస్తువును కూడా ఆ పేరుతో అడగకూడదు. ఆవిడ పేరు అనార్‌ఖాన్. అనార్ అంటే దానిమ్మ పండు. కొత్తకోడలిగా బూరుల్ ఒకసారి బజారులో ఓష్ ఊరి నుంచి వచ్చిన పళ్ల బండి దగ్గర, అనార్ ఎంతకిస్తావని అడిగింది. వెనకనే ఉన్న అత్తగారు, "నా పేరు పెట్టి బేరమాడే కోడలొచ్చిందర్రా" అని నలుగురికీ వినిపించేలా అంది. బండివాడు నవ్వాడు, పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. ఆ రోజు నుంచి బూరుల్‌కి దానిమ్మ 'ఎర్రగింజల పండు' అయింది. బడిలో ఏ దేశంలో ఏ పంట అని చెప్పేటప్పుడు కూడా ఎర్రగింజల పండు అనేది, పిల్లలు కిసుక్కుమనేవారు. ఆ ఊళ్లో ఆడదాన్ని కట్టెయ్యడానికి తాడు అక్కర్లేదు. సిగ్గుచేటు అన్న ఒక్క మాట చాలు.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. పెద్దబావగారు జపార్, రాజధాని బిష్కెక్ నుంచి ఆడపడుచు సబీరా, కనుమ మీది నుంచి తాలాయ్. డాక్టర్ చొల్పోన్ కూడా బిష్కెక్ నుంచే, నెలకోసారి ఈ వైపు ఆస్పత్రులు చూడటానికి వస్తుంది. నరాల డాక్టరు. అత్తగారు ఆస్పత్రిలో జ్వరంతో కాలిపోతున్నప్పుడు ఒకసారి పరీక్ష చేసి, ఆవిడకు ఏమీ తెలుస్తున్నట్టు లేదు గానీ ఇప్పుడే తేల్చి చెప్పలేను అంది. ఇంటికి పంపేటప్పుడు బూరుల్‌ని పక్కకు పిలిచి ఒక పని అప్పగించింది. రోజూ పొద్దున మనిషి తేటగా ఉన్నప్పుడు, చెవి దగ్గర పేరు పెట్టి పిలువు, పైకి చూడమను, మొహం ముందు అద్దం పట్టు. వట్టి 'ఆపా' అంటే చాలదు. రోజంతా ఇంట్లో పెద్ద ఆడవాళ్లందర్నీ ఆపా అంటూనే ఉంటారు. సొంత పేరు ఇంకా లోపలికి వెళ్తుంది, అంది.

బూరుల్ తలూపింది. రోజూ పొద్దున చెవి దగ్గర వంగింది, ఆపా అంది, పైకి చూడండి ఆపా అంది. ఏమీ కదల్లేదు. పేరు నాలుక చివరిదాకా వచ్చేది, బజారులో నవ్విన ఆడవాళ్లు కళ్ల ముందు కనిపించేవారు, పేరు వెనక్కి పోయేది. అద్దం పట్టడం కూడా నాలుగు రోజుల్లో మానేసింది.

ఇవాళ డాక్టర్ వచ్చేసరికి అత్తగారు దగ్గి దగ్గి సొమ్మసిల్లి నిద్రపోతోంది. డాక్టర్ ఛాతీ విని, నెమ్ము మళ్లీ చేరుతోంది అంది. డాక్టర్‌ను ముందుగదిలో పైవైపున, గౌరవమైన చోట కూర్చోబెట్టారు. మాంసం వచ్చింది, సన్నగా కోసిన పిండి పట్టీలు వచ్చాయి. బూరుల్ ఎప్పటిలాగే తలుపు పక్కన, నీళ్లు మరిగే సమోవార్ దగ్గర కూర్చుని గిన్నెల్లో టీ పోసి అందిస్తోంది. అక్కడి నుంచి అందరి చేతులూ కనిపిస్తాయి, ఆమె మొహం ఎవరూ చూడక్కర్లేదు.

డాక్టర్ విషయం సూటిగా చెప్పింది. ఈసారి కాకపోతే వచ్చేసారి నెమ్ము చేరినప్పుడు, ఆవిడ సొంతంగా ఊపిరి తీసుకోలేకపోతుంది. అప్పుడు బిష్కెక్ తీసుకెళ్లి గొంతుకు రంధ్రం పెట్టి ఊపిరి యంత్రం తగిలించొచ్చు. నెలలు గడవొచ్చు, ఏళ్లు గడవొచ్చు. లేదా ఇంట్లోనే ఉంచి, ఆయాసం బాధ తెలియకుండా మందులివ్వొచ్చు, ఆవిడ దారిన ఆవిడను పోనివ్వొచ్చు. ఏదైనా తప్పు కాదు. ఆవిడకు ఏది ఇష్టమో మీకు తెలియాలి, అంతే.

ఆవిడ ఇష్టం ఎవరూ చెప్పలేదు. ఇంట్లోనే ఉంచితే తల్లిని చేజేతులా చంపుకున్నారంటారు జనం, అన్నాడు జపార్. యంత్రం మీద పెడితే ముసలిదాన్ని పోనివ్వకుండా హింసించారంటారు, అంది సబీరా. తాలాయ్ ఎముకకున్న మాంసం గీరుకుంటూ కూర్చున్నాడు. చివరికి జపార్ చెయ్యి తుడుచుకుని, ఆస్పత్రికే తీసుకెళ్దాం, నలుగురిలో తల దించుకునే పని మనకొద్దు, అన్నాడు. వెంట ఎవరు ఉంటారని డాక్టర్ అడిగింది. ఇంకెవరు, బూరుల్ ఉంటుంది అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఎవరూ సమోవార్ వైపు తిరగను కూడా లేదు.

బూరుల్‌కి ఒక రోజు గుర్తుంది. మామగారు ఆస్పత్రిలో గొట్టాల మధ్య, ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య పోయి వారం కాలేదు. అత్తగారు పిండి పిసుకుతూ తల ఎత్తకుండానే అంది. నన్ను మాత్రం అలా ఈడ్చకండి, నా ఇంట్లో నా పరుపుల మధ్య పోతాను అని. విన్నది ఒక్క బూరులే. ఈ మాట వేసవిలో తాలాయ్‌తో చెబితే, నీకు వీలైనవే నీకు గుర్తుంటాయిలే అన్నాడు. ఆ మాట ముల్లులా దిగిపోయింది. నిజమేనేమో. ఆవిడ నిజంగా అందా, లేక తడి దుప్పట్లు మోసి మోసి తన మనసే కల్పించుకుందా? తన మీద తనకే నమ్మకం పోవడం కన్నా సిగ్గు ఏముంటుంది?

అయినా ఇవాళ నోరు విప్పింది. అప్పుడొకసారి ఆపా ఇలా అన్నారు అని, టీ గిన్నె కేసి చూస్తూ చెప్పింది.

జపార్ కోప్పడలేదు. మెల్లగానే అన్నాడు. "అలిసిపోయావు, మాకు తెలుసమ్మా. దానికోసం మా అమ్మ నోట్లో నీ మాట పెట్టకు."

సబీరా జాలిగా చూసింది, అది ఇంకా ఘోరంగా ఉంది. బూరుల్ మెడ దాకా ఎర్రబడింది. కాదని అరవాలనుకుంది, అరవడానికి మొహం చెల్లలేదు. అలిసిపోయిన మాట నిజమే కదా. చావమన్న మాట నిజమే కదా.

డాక్టర్ ఆమె వైపు తిరిగింది. "పేరు పెట్టి పిలవమన్నానే, పిలుస్తున్నావా?"

పట్నం డాక్టరమ్మ ముందు, అత్త పేరు పలకడానికి సిగ్గేసిందని చెబితే ఎంత వెనకబడ్డ మనిషో అనుకుంటుంది. పిలిచానని చెబితే పక్కనే బావగారున్నారు. బూరుల్ డాక్టర్‌కి మాత్రమే కనిపించేలా, తేలు కుట్టిన దొంగలా అవునని తలూపింది. ఏమైనా కదలిక ఉందా అంది డాక్టర్. లేదంది. అయితే ఆవిడకు వినిపించడం లేదనే మనం అనుకోవాలి అని డాక్టర్ నిట్టూర్చింది. మాటలు బిష్కెక్ అంబులెన్సు మీదికి పోయాయి.

దగ్గు వినిపించింది. చూసొస్తానని బూరుల్ లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. అత్తగారికి మెలకువ వచ్చింది. కళ్లు తెరిచి గోడ కేసి చూస్తోంది. బూరుల్ మూతి తుడిచింది. ఇప్పుడే అబద్ధమాడి వచ్చింది. ఆ అబద్ధం మీద ఈ మనిషిని రేపు బండెక్కిస్తారు. ఒక్కసారి పిలిస్తే అబద్ధం అబద్ధంగా ఉండదు కదా అనుకుంది. అంతకుమించి ఏ ఆశా లేదు. తలుపు వైపు ఒకసారి చూసి, ఇంట్లో దొంగతనం చేస్తున్నదానిలా చెవి దగ్గరికి వంగింది.

"అనార్‌ఖాన్."

ఆవిడ రెప్పలు ఆగాయి.

"అనార్‌ఖాన్, పైకి చూడండి."

తెలియకుండానే 'మీరు' వెనక్కి వచ్చేసింది. ఆ కళ్లు, నూతిలోంచి నిండు చేద పైకి వచ్చినంత కష్టంగా, మెల్లమెల్లగా గోడ మీది నుంచి దూలాల దాకా ఎక్కాయి. అక్కడ కాసేపు నిలబడి దిగాయి. బూరుల్ పెట్టెమీది చేతి అద్దం తీసి మొహం ముందు పట్టింది. ఆవిడ తన మొహాన్ని తాను చూసుకుంది. అద్దం కుడివైపు జరిపితే కళ్లు జరిగాయి. ఎడమకు జరిపితే ఎడమకు వచ్చాయి.

సంతోషం రాలేదు. తలకొట్టేసినట్టయింది. అద్దం ఒళ్లో పెట్టుకుని నేలమీద కూలబడి తలగుడ్డ మొహం మీదికి లాక్కుంది బూరుల్. విన్నది. అంతా విన్నది. టీ సంగతి, జీతం సంగతి, ఆడపిల్ల సంగతి. తడి దుప్పటి పట్టుకుని తను అన్న మాట. విని, తిట్టడానికి నోరు లేక, మొహం తిప్పుకోవడానికి మెడ లేక, ఆ అన్న మనిషి చేతుల్లోనే తిని, ఆ చేతుల్లోనే కడిగించుకుని పడుకుంది. బజారులో నలుగురి ముందు జరిగిన సిగ్గు ఒక సిగ్గా దీని ముందు?

ఎవరూ చూడలేదు. ఆ ఆలోచన కూడా వచ్చింది, రాలేదంటే అబద్ధం. తిరిగి వెళ్లి టీ పోస్తే సరి. కళ్లు మళ్లీ పైకి లేస్తాయని నమ్మకమేముంది? ఇంకో ఆలోచన దాని వెనకే వచ్చింది. ఈవిడను పేరు పెట్టి ఎవరు పిలిచి ఎన్నాళ్లయింది? పుట్టింటి వాళ్లు పోయారు. మామగారు బతికుండగా ముసల్దానా అనేవాడు. ఊరికి జపార్ తల్లి, పిల్లలకు ఆపా. పిలిచే దిక్కులేని ఆ పేరు ఒక్కటే ఆవిడ దగ్గర తలుపులా మిగిలిందేమో. ఆ తలుపు తట్టకూడదని ఆవిడే నేర్పింది, తను బుద్ధిగా నేర్చుకుంది. నెలలపాటు ఇద్దరూ ఆ తలుపుకు చెరోవైపు ఉండిపోయారు.

బూరుల్ లేచి తలుపు బార్లా తెరిచింది. అందరూ ఒకసారి లోపలికి రండి అంది.

వచ్చారు. డాక్టర్ మంచం పక్కన నిలబడింది. బూరుల్ ఈసారి గుసగుసగా పిలవలేదు. "అనార్‌ఖాన్, పైకి చూడండి" అంది.

"పేరు పెట్టి పిలుస్తున్నావా మా అమ్మని?" అన్నాడు జపార్. "సిగ్గుచేటు."

"సిగ్గుచేటే, బావగారూ. ఇప్పుడు మొదటిసారి పిలిచాను. ఇందాక డాక్టరమ్మతో అబద్ధమాడాను."

కళ్లు పైకి లేచాయి. సబీరా 'ఆపా' అని మీద పడబోయింది, డాక్టర్ ఆపింది. కళ్లు ఎటో అటు తిరుగుతూనే ఉంటాయిలే అన్నాడు జపార్, గొంతులో మునుపటి బలం లేదు. డాక్టర్ బూరుల్‌తో, మీ ఇద్దరికే తెలిసిన సంగతి ఏదైనా అడుగు, అవునైతే పైకి చూడమను, మళ్లీ దాన్నే తిరగేసి అడుగు అంది.

ఇద్దరికే తెలిసినవి ఎన్నో ఉన్నాయి. మంచివి ఏరుకోవచ్చు. బూరుల్ మంచం పట్టె పట్టుకుంది. భర్త చూస్తున్నాడు, బావగారు చూస్తున్నాడు.

"అనార్‌ఖాన్, దుప్పటి మార్చగానే మళ్లీ పాడైన రోజున నేను మిమ్మల్ని చావమన్నాను. ఆ మాట విన్నారా? వింటే పైకి చూడండి."

కళ్లు లేచాయి. ముందుకన్నా తొందరగా లేచాయి.

"వినలేదా? వినకపోతే పైకి చూడండి."

కదల్లేదు. బూరుల్ మొహం మీదే నిలిచిపోయాయి. తాలాయ్ నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. కానీ బూరుల్ అనుకున్నట్టు ఇల్లు కూలలేదు. ఆమె మొహం అటు తిప్పుకోలేదు, ఎవరి ముందూ తల దించుకోలేదు.

"బిష్కెక్‌లో యంత్రం పెడతామంటున్నారు. వెళ్తారా?"

కదల్లేదు.

"ఇక్కడే ఉంటారా? మీ ఇంట్లో, మీ పరుపుల మధ్య?"

కళ్లు దూలాల దాకా వెళ్లాయి. అక్కడే ఉండిపోయాయి. డాక్టర్ కాసేపు ఆగి అవే రెండు ప్రశ్నలు ముందువెనకలుగా మళ్లీ అడిగించింది, అదే జవాబు వచ్చింది. చాలు, ఇక అలిసిపోతుంది అంది. యంత్రం వద్దు, ఇంట్లోనే. ఆయాసం తెలియకుండా నేను చూసుకుంటాను, రేపూ ఎల్లుండీ మళ్లీ అడుగుదాం, మనసు మార్చుకునే హక్కు ఆవిడకుంది అని చెప్పింది. నెమ్ము చేరకుండా రోజంతా అటూ ఇటూ తిప్పుతూ ఉండాలని, అదీ అలవాటుగా, బూరుల్‌కే చెప్పింది.

నలుగురూ ముందుగదిలోకి వెళ్లి చల్లారిన మాంసం చుట్టూ కూర్చున్నారు. సబీరా ఏడుస్తోంది. బూరుల్ ఇంకా గుమ్మంలోనే ఉంది. క్షమించమని అడగలేదు. కళ్లు పైకి ఎత్తడం తప్ప ఇంకేమీ చేయలేని మనిషి దగ్గర అది అడిగి తీసుకోవడం కూడా దోపిడీలాగే అనిపించింది. సోమవారం నుంచి బడికి వస్తానని హెడ్‌మాస్టర్‌కి చెప్పాలి అనుకుంది. అలా అనుకున్నందుకు చెంపలు కాలతాయేమోనని చూసుకుంది. కొద్దిగా కాలాయి. అయినా చెప్పాలి అనుకుంది.

కొమ్ముచెంబులో గోరువెచ్చని నీళ్లు, తువ్వాలు, పళ్లెం తెచ్చి పెద్దవాడైన జపార్ ముందు వంగింది. ఆయన అలవాటుగా రెండు చేతులూ చాపాడు. వేళ్ల సందుల కొవ్వు పోయేదాకా పోసింది. ఆయన చేతులు తుడుచుకుని, భోజనం ముగించే దీవెన కోసం అరచేతులు పైకెత్తాడు. మిగతావాళ్లూ ఎత్తారు.

"దీవెన తర్వాత, బావగారూ" అంది బూరుల్, చెంబు తాలాయ్ చేతుల వైపు జరుపుతూ. "అనార్‌ఖాన్ గారిని పక్కకు తిప్పే వేళయింది. తల వైపు మీరు పట్టుకోండి."